బొమ్మలు కూడు పెడతాయా?



ఈవేళ మీతో చిత్రకళ గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. నేను చిత్రకారుణ్ణి కాను. లెక్కలూ సైన్సూ చెప్పే బడిపంతుల్ని. నల్లబల్ల మీద నేను వృత్తం గీస్తే అది కోడిగుడ్డులా వస్తుందని మా పిల్లలు లోలోపల నవ్వుకుంటారు. అటువంటివాడికి చిత్రకళతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ పని ఎలా వచ్చి పడిందో ముందు చెబుతాను.

నేను ఉండేది బెంగళూరుకు తూర్పున, కె.ఆర్.పురంలో. అసలు పేరు కృష్ణరాజపురం. కుప్పం, బంగారుపేట, మాలూరు వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి పనులకు వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడే దిగుతారు. కోలారు, ముళబాగిలు వైపు నుంచి పాత మద్రాసు రోడ్డున బస్సులో వచ్చేవాళ్లకూ ఊరిలో మొదట తగిలేది మా పేటే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, అంగట్లో రెండూ కలిసిన భాష. నా తరగతిలో ఒక లెక్కను కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో ముగించడం నాకూ అలవాటే, పిల్లలకూ అలవాటే.

కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులు. ఒకరోజు నోటుపుస్తకాలు దిద్దుతూ వాడి పుస్తకం వెనక పేజీలు తిప్పాను. అన్నీ బొమ్మలు. చేటలో బియ్యం ఏరుతున్న ఒక ముసలమ్మ, స్టేషన్ బెంచీ మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న కూలి, కొబ్బరిబొండాల బండి, దాని కింద పడుకున్న కుక్క. బీజగణితం ఉండవలసిన చోట ఇవన్నీ ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. తరగతి ముందు వాణ్ణి నిలబెట్టి, నాలుగు మాటలన్నాను. పుస్తకం నా దగ్గరే ఉంచుకుని, తండ్రిని పిలుచుకురమ్మన్నాను.

మర్నాడు తండ్రి ఆటో బడి బయట నిలిపి, ఖాకీ చొక్కాతోనే లోపలికి వచ్చాడు. నేను పుస్తకం చేతికి ఇచ్చాను. ఆయన ఒక్కొక్క పేజీ నిదానంగా చూశాడు. కొడుకు మీద కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు. పుస్తకం మూసి ఇలా అన్నాడు.

"సార్, నేను పదిహేనేండ్లు బోర్డులు రాసినోణ్ణి. సినిమా బ్యానర్లకు రంగులేసినోణ్ణి. ఫ్లెక్సు వచ్చినాక బ్రష్షుకు పనే లేకుండా పోయింది. ఇప్పుడు ఆటో తోలుకుంటా ఉండాను. వీడు బొమ్మలేస్తా ఉంటే నాకు సంతోషం కాదు సార్, భయమైతాది. మీరు చదువుకున్నోళ్లు. మీరే చెప్పండి, బొమ్మలు కూడు పెడతాయా?"

శ్రోతలారా, నా దగ్గర జవాబు లేదు. బి.ఎడ్.లో మాకు పిల్లల మనస్తత్వం చెప్పారు, పాఠ్యప్రణాళిక చెప్పారు. ఈ ప్రశ్నకు ఏం చెప్పాలో చెప్పలేదు. "చూద్దాం లెండి" అని పంపించాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటినుంచి చిత్రకారుల జీవితాలు దొరికినంతవరకు చదివాను, చూడగలిగినంతవరకు బొమ్మలు చూశాను. కనిపించినదాన్ని కనిపించినట్టు వేసే చిత్రకారుడు, మనం వాస్తవిక చిత్రకారుడు అంటామే, అతను ఆ విద్య మీద బతుకును ఎలా నిలబెట్టుకుంటాడు? ఇదే నేను తెలుసుకోవాలనుకున్నది.

ముందుగా మన తెలుగువాడి సంగతే చెబుతాను. ఆయన పేరు దామెర్ల రామారావు. 1897లో రాజమహేంద్రవరంలో పుట్టాడు. వాళ్ల నాన్న వైద్యుడు. రామారావుకు చిన్ననాటి నుంచీ చదువు మీద కంటే బొమ్మల మీదే ధ్యాస. మన పిల్లవాడి వంటివాడే అనుకోండి. అయితే ఆ ఊళ్లో అప్పుడు ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండేవాడు. 1909 నుంచి 1919 వరకు అక్కడ పనిచేశాడు. కవిత్వం రాసేవాడు, బొమ్మలూ వేసేవాడు. ఆ కళాశాల పిల్లల్లో ఎవరి చేతిలో ఏ విద్య ఉందో కనిపెట్టడం ఆయనకు సరదా. నవలలు రాసిన అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. బాపిరాజు చిత్రకారుడు కూడానని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

కూల్డ్రే రామారావు బొమ్మలు చూసి పుస్తకం లాక్కోలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. అజంతా, ఎల్లోరా చూపించాడు. ఈ పిల్లవాడికి నేర్పవలసింది తన దగ్గర ఉన్నదానికంటే ఎక్కువ ఉందని గ్రహించి, 1916లో బొంబాయిలోని సర్ జె.జె. కళాశాలకు పంపే ఏర్పాటు చేశాడు. అక్కడి ప్రిన్సిపాలు సిసిల్ బర్న్స్ రామారావు వేసిన బొమ్మలు చూసి, మొదటి రెండేళ్ల చదువు అక్కర్లేదని నేరుగా మూడో ఏడాదిలో చేర్చుకున్నాడు. 1920లో రామారావు ప్రథమ శ్రేణిలో చదువు ముగించాడు.

ఆ కళాశాలలో ఏం నేర్పేవారు? నేను లెక్కల మేష్టర్ని కాబట్టి నాకు నచ్చిన ముక్క ఇదే. అక్కడ ముందు నేర్పేది కొలత. చేయి పూర్తిగా చాచి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, ఎదుట కూర్చున్న మనిషి తల ఎంత పొడవో పెన్సిలు మీద బొటనవేలితో గుర్తుపెట్టుకోవాలి. ఆ తల పొడవుతో ఒళ్లంతా కొలవాలి. నిలబడ్డ మనిషి సుమారు ఏడు, ఏడున్నర తలల ఎత్తు ఉంటాడు. భుజం ఎక్కడ, మోచేయి ఎక్కడ, మోకాలు ఎక్కడ అన్నది ఊహ మీద కాదు, నిష్పత్తి మీద తేలుతుంది. నేను నల్లబల్ల మీద నిష్పత్తి పాఠం చెబుతుంటే వెనక బెంచీలో ఆ పిల్లవాడు చేసిందీ అదే. వాడు నా పాఠం వినలేదు గాని, ఆ లెక్కే చేస్తున్నాడు.

కొలత తర్వాత వెలుగునీడలు. కళ్లు సగం మూసి చూస్తే చిన్న చిన్న వివరాలు పోయి, పెద్ద వెలుగూ పెద్ద నీడా మిగులుతాయి. బొగ్గుతో ముందు వాటిని నిలబెట్టాలి. ఆ తర్వాతే కళ్లు, ముక్కు, చీర మడతలు. తైలవర్ణాల దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఓపిక కావాలి. అవిసెనూనెలో కలిపిన రంగు నీటిరంగులా నిమిషాల్లో ఆరదు. రోజులు పడుతుంది. మొదట ఒకే రంగుతో పలచగా బొమ్మ మొత్తం నిలబెడతారు. అది ఆరాక మీద రంగులు. అడుగు పూతలో నూనె తక్కువ, పై పూతల్లో నూనె ఎక్కువ ఉండాలి. తిరగేసి వేస్తే అడుగుది ఆరేలోపల పైది బిగుసుకుని, కొన్నాళ్లకు బొమ్మ పగుళ్లిస్తుంది. అంటే ఒక్క ముఖచిత్రానికి వారాలు పట్టవచ్చు. ఆ వారాలపాటు చిత్రకారుడి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? మన ఆటో తండ్రి అడిగింది అదే కదా.

రామారావు కథకు తిరిగి వద్దాం. 1922లో కలకత్తాలో జరిగిన చిత్రప్రదర్శనకు ఆయన తన "ఋష్యశృంగ భంగం" అనే చిత్రాన్ని పంపాడు. దానికి వైస్రాయి బహుమతి వచ్చింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన పెద్ద ప్రదర్శనకు ఆయన చిత్రాలు వెళ్లాయి. పేరు వచ్చింది. బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడవచ్చు. కానీ ఆయన రాజమహేంద్రవరానికి తిరిగి వచ్చాడు. 1923లో అక్కడ చిత్రకళాశాల పెట్టాడు. తోటి చిత్రకారుడు వరదా వెంకటరత్నం ఆయనకు తోడుగా నిలిచాడు. రామారావు భార్య సత్యవాణికీ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మకూ ఆయన చిత్రకళ నేర్పాడు. నూరేళ్ల కిందట ఇంటి ఆడవాళ్ల చేతికి కుంచె ఇవ్వడం ఎంత మాటో ఆలోచించండి.

ఆయన చిత్రాల్లో దేవతలూ పురాణకథలూ ఉన్నాయి గాని, ఆ మనుషులు మన గోదావరి గట్టు మీద తిరిగే మనుషులే. "సిద్ధార్థ రాగోదయం" చూడండి, "పుష్పాలంకరణ" చూడండి. ఒంటి తీరు, చీర కట్టు, తల దువ్వుకునే తీరు, అన్నీ కళ్లారా చూసి వేసినవి. బొంబాయిలో నేర్చిన పాశ్చాత్యుల కొలతను ఆయన వదల్లేదు. దానికి అజంతాలో చూసిన గీతను కలుపుకున్నాడు.

1925 ఫిబ్రవరిలో మశూచి సోకి దామెర్ల రామారావు చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు. ఇరవై ఎనిమిదో పుట్టినరోజుకు నెల రోజులు ఉంది. తర్వాత వరదా వెంకటరత్నం, సత్యవాణి ఆ బొమ్మలు చెల్లాచెదురు కాకుండా కాపాడారు. ఇవాళ రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు పేరిట ఉన్న చిత్రశాలలో వాటిని మీరు చూడవచ్చు. గోదావరి పుష్కరాలకు వెళ్లినవాళ్లు కొందరైనా అటు తొంగిచూసి ఉంటారు. చూడనివాళ్లు ఈసారి తప్పక వెళ్లండి.

ఈ కథను నేను ఆ తండ్రికి చెబితే ఆయన ఏమంటాడో నాకు తెలుసు. "సార్, ఆయప్ప నాయన డాక్టరు. నేను ఆటో తోలేవాణ్ణి" అంటాడు. అది నిజమే. రామారావుకు చదువు నడిచినన్నాళ్లు తిండికి లోటు లేదు. ప్రతిభ ఒక్కటే మనిషిని గట్టెక్కిస్తుందని పిల్లలకు చెప్పడం మోసం. ప్రతిభ ఉండాలి, గుర్తించిన గురువు ఉండాలి, నేర్పే బడి ఉండాలి, నేర్చుకున్నన్నాళ్లు పట్టెడన్నం ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది తగ్గినా దారి కష్టమే. అందుకే ఇక డబ్బు సంగతి సూటిగా చూద్దాం. పెద్ద పెద్ద చిత్రకారులు దేని మీద బతికారు?

రాజా రవివర్మ పేరు తెలియని ఇల్లు మనలో ఉండదు. 1848లో కేరళలోని కిళిమానూరులో పుట్టాడు. పద్నాలుగేళ్ల వయసులో తిరువాన్కూరు రాజు దగ్గరికి చేరాడు. అక్కడి ఆస్థాన చిత్రకారుడు తైలవర్ణాల కిటుకు ఈ కుర్రవాడికి చెప్పడానికి ఇష్టపడలేదట. 1868లో థియోడోర్ జెన్సెన్ అనే ఐరోపా చిత్రకారుడు రాజుగారి బొమ్మ వేయడానికి వస్తే, ఆయన వేస్తుండగా పక్కన నిలబడి చూసే అవకాశం మాత్రం దొరికింది. ఆ చూపుతోనే చాలా నేర్చుకున్నాడు. 1873లో మద్రాసు ప్రదర్శనలో బహుమతి వచ్చాక ఆయనకు రాజులు, జమీందారులు, తెల్లదొరలు తమ ముఖచిత్రాలు వేయమని కబురు పంపసాగారు. మైసూరు, బరోడా సంస్థానాలు పని ఇచ్చాయి. ఆయన తిండి పురాణచిత్రాల నుంచి మాత్రమే రాలేదు, ఈ ముఖచిత్రాల నుంచి వచ్చింది.

1894లో ఆయన బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాడు. లక్ష్మి, సరస్వతి బొమ్మలు పటాలై మన పూజగదుల్లోకి వచ్చింది అప్పుడే. అయితే ఆ అచ్చుకూటం ఆయనకు లాభం తేలేదు. అప్పుల పాలై, చివరకు దాన్ని అమ్ముకోవలసి వచ్చింది. అంతటి రవివర్మకే వ్యాపారం కలిసిరాలేదు. చేతిలో విద్య ఉండటం వేరు, దాన్ని అమ్ముకునే నేర్పు వేరు అని ఇక్కడ మనం తెలుసుకోవాలి.

బడి పిల్లల్ని మైసూరు విహారయాత్రకు తీసుకుపోయినప్పుడు జగన్మోహన ప్యాలెస్ చిత్రశాలలో దీపం పట్టుకున్న స్త్రీ బొమ్మ ముందు అందరూ ఆగిపోతారు. చేతిని అడ్డం పెట్టుకున్న దీపం వెలుతురు ఆమె వేళ్లలోంచి ఎర్రగా కనిపిస్తుంది. చాలామంది అది రవివర్మ వేసిందనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే పిల్లలకు చెప్పాను. తప్పు. అది వేసినవాడు సావంత్‌వాడికి చెందిన ఎస్.ఎల్. హల్దంకర్. అందులోనూ అది తైలవర్ణం కాదు, నీటిరంగు. ఎదుట దీపం పట్టుకుని నిలబడింది ఆయన కూతురే. హల్దంకర్ కూడా జె.జె. కళాశాలలోనే చదివాడు. 1908లో బొంబాయిలో స్వంతంగా చిత్రకళా పాఠశాల పెట్టాడు. నేర్పుతూ బతికాడు, బతుకుతూ వేశాడు.

మూడో ఉదాహరణ మన సరిహద్దుల్లోదే. మీలో నలభై, యాభై దాటినవాళ్లకు "చందమామ" పాత సంచికల అట్టలు గుర్తుండే ఉంటాయి. భారతయుద్ధంలో భీష్ముడు, కర్ణుడు, రథాలు, గుర్రాలు, ఒంటి మీద కవచం మెరుపు కూడా కళ్లకు కట్టినట్టు ఉండేవి. ఆ అట్టబొమ్మలు వేసిన ఎం.టి.వి. ఆచార్య మన మైసూరు సీమవాడు. మద్రాసులో చందమామకు పనిచేసి, తర్వాత బెంగళూరు వచ్చి, ఉత్తరాల ద్వారా చిత్రకళ నేర్పే బడి నడిపాడు. పల్లెటూరి కుర్రవాడు పాఠం ప్రకారం బొమ్మ వేసి తపాలాలో పంపితే, అది దిద్దబడి తిరిగి తపాలాలో వచ్చేది. ఆ విధంగా ఎంతోమంది కన్నడ కుర్రవాళ్లు బొమ్మలు నేర్చుకున్నారు. తెలుగువాళ్లు చందమామ చదువుతూ ఆయన బొమ్మలు చూశారు, కన్నడిగులు ఆయన దగ్గర పాఠం నేర్చుకున్నారు. మన రెండు భాషల మధ్య గోడ ఎంత పలచనో చూడండి.

ఇంతమందిని చూశాక నాకు ఒక సంగతి స్పష్టమైంది. కేవలం ప్రదర్శనలో పెట్టిన బొమ్మ అమ్ముడుపోతే వచ్చే డబ్బుతో బతికిన వాస్తవిక చిత్రకారులు బహు తక్కువ. ఒకరు ముఖచిత్రాలు వేశారు, ఒకరు పత్రికలకు వేశారు, ఒకరు బడి పెట్టారు. ఒక చేత్తో కూటికి, ఒక చేత్తో కళకు వేశారు. ఇది చిన్నతనం కాదు. రైతు కూడా నాలుగు మళ్లలో వరి వేసుకుని, ఒక మడిలో మల్లెపూలు వేసుకుంటాడు.

ఇక ఫ్లెక్సు సంగతి. ఆ తండ్రి భయం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఒకప్పుడు బెంగళూరు గాంధీనగర్ సినిమాహాళ్ల ముందు నిలిచిన నిలువెత్తు బొమ్మల వెనక, ప్రతి బజారులో అంగడి బోర్డు వెనక ఒక చేయి ఉండేది. యంత్రం ఒక్క రాత్రిలో వంద బోర్డులు అచ్చు వేయడం మొదలుపెట్టాక ఆ చేతులన్నీ ఖాళీ అయ్యాయి. ఇప్పుడు ఇంకొకటి వచ్చింది. కంప్యూటరుకు నాలుగు మాటలు చెబితే చాలు, నిమిషంలో బొమ్మ వేసి ఇస్తుంది. కాబట్టి నేటి పిల్లవాడికి "నీకేం భయం లేదు" అని నేను చెప్పలేను.

కానీ ఒకటి గమనించండి. 1839లో ఫొటో తీసే పద్ధతి లోకానికి తెలిసినప్పుడు కూడా ముఖచిత్రాలు వేసేవాళ్ల పని అయిపోయిందనే అన్నారు. చవకగా చిన్న చిన్న బొమ్మలు వేసేవాళ్ల పని నిజంగానే పోయింది. రవివర్మ, రామారావు, హల్దంకర్ అందరూ కెమెరా వచ్చిన తర్వాత పుట్టినవాళ్లే. యంత్రం చేసే పనినే చేతితో చేసేవాడు యంత్రానికి ఓడిపోతాడు. మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని, వారాల తరబడి చూసి, ఆ చూసినదాన్ని నిలబెట్టేవాడికి ఇంకా గిరాకీ ఉంది. అది అందరికీ దొరికే గిరాకీ కాదు, సులువుగా దొరికేదీ కాదు. ఉంది, అంతే చెప్పగలను.

మన ప్రాంతపు పిల్లలకు ఇవాళ ఉన్న దారులు ఏమిటో చెబుతాను. బెంగళూరు కుమారకృప రోడ్డులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఉంది. ఎం.ఎస్. నంజుండరావు 1960లో మొదలుపెట్టిన సంస్థ. అక్కడి కళాశాలలో పి.యు.సి. తర్వాత చిత్రకళలో డిగ్రీ చదవవచ్చు. మైసూరులో చామరాజేంద్ర పేరిట ప్రభుత్వ దృశ్యకళల కళాశాల ఉంది. ఆంధ్ర వైపు ఉన్నవాళ్లకు 2020లో కడపలో వచ్చిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం దగ్గర. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట ఉన్న ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఇవన్నీ చేరేముందు పిల్లవాడి చేతి పని చూస్తాయి. కాబట్టి వేసిన బొమ్మల్ని చింపేయకుండా, తేదీ వేసి దాచుకోమని చెప్పండి. పాత బొమ్మకూ కొత్త బొమ్మకూ తేడా కనబడటమే మంచి సర్టిఫికెట్టు.

చిత్రకళా పరిషత్తు ఏటా "చిత్రసంతె" జరుపుతోంది. జనవరిలో ఒక ఆదివారం కుమారకృప రోడ్డంతా బొమ్మల అంగడి అవుతుంది. మన కె.ఆర్.పురం సంతలో కూరగాయలు పరిచినట్టు చిత్రకారులు తమ బొమ్మలు పరుచుకుని కూర్చుంటారు. కొనేవాడు నేరుగా వేసినవాడితోనే బేరమాడతాడు. పిల్లవాణ్ణి తప్పక ఒకసారి తీసుకుపోండి. ఏది అమ్ముడుపోతుంది, ఏది పోదు, ఎవరు ఎంత అడుగుతున్నారు, సాయంత్రానికి ఎవరి ముఖం ఎలా ఉంది, అన్నీ కళ్లతో చూడనివ్వండి. పుస్తకం చెప్పలేనిది ఆ ఒక్కరోజు చెబుతుంది.

తక్కువ ఖర్చుతో నేర్చుకునే దారి కూడా ఉంది. కస్తూరిబా రోడ్డులో వెంకటప్ప చిత్రశాల, ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు బంగళాలో 2009లో తెరిచిన జాతీయ ఆధునిక కళాసంగ్రహాలయం, ఈ రెండూ చూడదగ్గవి. 2023 నుంచి మా కె.ఆర్.పురం దాకా మెట్రో రైలు వచ్చింది గనుక కబ్బన్ పార్కు దగ్గర దిగితే వెంకటప్ప చిత్రశాల ఎంతో దూరం లేదు. వెంకటప్ప మైసూరు ఆస్థాన చిత్రకారుల ఇంట 1886లో పుట్టినవాడు. ఆయన నీటిరంగుల్లో వేసిన ఊటీ కొండల మంచు చూస్తే, చలి మన ఒంటికి తగిలినట్టుంటుంది.

ఇక ఆ తండ్రికి నేనేం చెప్పాను? మూడు నెలల తర్వాత మళ్లీ పిలిపించాను. ఈసారి ఫిర్యాదు చేయడానికి కాదు. ముందుగా, నేను పుస్తకం లాక్కోవడం తప్పని ఒప్పుకున్నాను. తర్వాత ఇలా అన్నాను: "బొమ్మలు కూడు పెడతాయని నేను హామీ ఇవ్వలేను. పెట్టవని కూడా చెప్పలేను. కానీ దారి మూసేముందు రెండేళ్లు చూద్దాం. వాడు ఎస్సెల్సీలో లెక్కలు పాసు కావాలి. పాసు కాకపోతే ఏ కళాశాలా చేర్చుకోదు. ఆ బాధ్యత నాది. బొమ్మలకు వేరే పుస్తకం పెడదాం. అది మీ బాధ్యత. ఆదివారం పొద్దున ఒక గంట స్టేషన్‌లో కూర్చుని, కదిలే మనుషుల్ని వేయాలి. ఫొటో చూసి వేయకూడదు. అది వాడి బాధ్యత."

ఆయన ఏమీ అనలేదు. నేను తిరిగి ఇచ్చిన పాత పుస్తకం తెరిచి, బియ్యం ఏరే ముసలమ్మ బొమ్మ దగ్గర ఆగాడు. "మాయమ్మ" అన్నాడు. జేబులోంచి పెన్సిలు కావాలన్నట్టు చేయి చాచాడు. ఇచ్చాను. ముసలమ్మ చేటను పట్టుకున్న బొటనవేలు కొంచెం పొడుగైంది. దాన్ని రెండు గీతల్లో సరిచేశాడు. "వేలు ఇట్లా వంగల్ల, చూడు. బరువు పట్టుకున్నప్పుడు వేలు నిక్కి ఉండదు" అని కొడుక్కు చూపించాడు. ఆ పిల్లవాడు తండ్రి చేతి వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. తన తండ్రికి ఈ విద్య వచ్చని వాడికి తెలుసు గాని, అది తనకు నేర్పగలడని అంతవరకు అనుకోలేదు.

నేను రాజమహేంద్రవరం కూల్డ్రే కోసం వెతుకుతుంటే, ఆ పిల్లవాడికి మొదటి గురువు ఇంట్లోనే ఆటో తోలుకుంటూ ఉన్నాడు.

వాడు ఎస్సెల్సీ లెక్కలు గట్టెక్కాడు. గొప్ప మార్కులేమీ కాదు, పాసయ్యాడు. ఇప్పుడు పి.యు.సి. చదువుతున్నాడు. సాయంత్రాలు ఒక స్టూడియోలో పాత ఫొటోలు బాగుచేసే పనికి పోతాడు. కుటుంబాలవాళ్లు అడిగితే పెద్దల ముఖచిత్రాలు బొగ్గుతో వేసి ఇస్తాడు. మొదట వచ్చిన డబ్బుతో నాన్నకు ఒక మంచి కుంచె కొన్నాడట. రేపు ఏమవుతాడో చూడాలి. నేను జోస్యం చెప్పను.

శ్రోతలారా, ఇది వింటున్న మీలో తల్లిదండ్రులుంటారు, నావంటి పంతుళ్లూ ఉంటారు. మీ పిల్లల పుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు కనబడితే ముందు కోపం రావడం సహజం. కోపం వచ్చిన తర్వాత మాత్రం ఒక్క నిమిషం ఆగి, ఆ బొమ్మ చూడండి. అది సినిమా పోస్టరును చూసి దించిందా, లేక తన కళ్లతో చూసి వేసిందా అని అడగండి. ఒక ఏడాది తర్వాత కూడా అదే పట్టుదల ఉందా చూడండి. ఆరోజుకీ ఈరోజుకీ చేయి మెరుగైందా చూడండి. ఈ మూడింటికీ అవునని జవాబు వస్తే, కూటికి ఒక పని చేతిలో పెడుతూనే కుంచెకు ఒక గంట వదలండి. మూడింటికీ కాదని వస్తే, పిల్లవాడు వేరే దారిలో సుఖపడతాడు, అందులో నష్టం లేదు.

బొమ్మలు కూడు పెడతాయా అని ఆ తండ్రి అడిగిన మాటకు నాకు ఇవాళ దొరికిన జవాబు ఇంతే. కొందరికి పెట్టాయి. ఎవరికీ ఊరికే పెట్టలేదు.